మూత లేని జాడీ

నా చిన్నప్పుడు తాండూరు దగ్గర ఒక కుటుంబం జాడీల ఫ్యాక్టరీ నడిపేది. ఇప్పుడది లేదు. అక్కడ తయారైన తొక్కు జాడీల కోసం ఈ వయసులో నేను మర్పల్లి నుంచి వికారాబాద్ దాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరుగుతుంటే నాకు పిచ్చి పట్టిందంటారు మా పిల్లలు. అననీ. నేను వెతికేది జాడీ కోసం కాదు, మూత కోసం.

ఫ్యాక్టరీ మూసేస్తున్నారని తెలిసి మా నానమ్మ ఇద్దరు కోడళ్లకూ ఒకే కొలత జాడీలు తెచ్చింది. ఒకటి నిగనిగలాడేది. రెండోది మసకగా, మెడ దగ్గర పొక్కులతో ఉండేది. మా అమ్మ మెరిసేదాని మీద చెయ్యి వేసిందో లేదో, పెద్దమ్మ లాక్కుంది. "పెద్దకోడల్ని నేనుండంగ నువ్వెట్ల తీస్కుంటవే?" అంది. అమ్మ మసకదాన్ని తన వైపు జరుపుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నానమ్మ రెండు జాడీల్లోనూ చిక్కటి ఉప్పునీళ్లు పోసి వాకిట్లో నాపబండ మీద పెట్టించింది. కొత్త జాడీలో ఉప్పునీళ్లు నిలిచాకే మామిడికాయ ముక్క వెయ్యాలని ఆమె పట్టుదల. మర్నాడు ఎండ ఎక్కేసరికి మెరిసే జాడీ నడుం చుట్టూ నీళ్లు ఊరి తెల్లగా ఉప్పు పేరుకుంది. మసక జాడీ పొడిగా ఉంది. నేను చప్పట్లు కొట్టాను.

పెద్దమ్మ వెంటనే మాట మార్చి మసకదే కావాలంది. "నీ చేతులతోని గుంజుకున్నదే నీది. గిప్పుడు ఏడిస్తే ఎట్ల?" అంది నానమ్మ. పెద్దమ్మ గబగబా వచ్చి మా జాడీ మూత తీసి బండకేసి కొట్టింది.

ఆ ఏటి తొక్కు దేంట్లో పెట్టాలని అమ్మ పగిలిన మూత ముక్కలు ఏరుతూ ఏడ్చింది. నానమ్మ తన పాత చీర చింపి జాడీ మూతికి కట్టి చూపించింది. "జాడీ కారకుంటే చాలు. మూతది ఏముంది, గుడ్డ కట్టుకుంటం" అంది. బతికినన్నాళ్లూ అమ్మ ఆ జాడీకి గుడ్డే కట్టింది. పెద్దమ్మ ఒక్కనాడూ తప్పైందనలేదు. తొక్కు మాత్రం ప్రతి ఏడూ అడిగి తీసుకెళ్లేది.

మొన్న పెద్దమ్మ కొడుకు వచ్చాడు. సంచిలోంచి ఒక మూత తీసి, "అమ్మ పోయినంక ఇల్లు సదురుతుంటే దొరికింది చెల్లె. జాడీ ఎప్పుడో పలిగింది, గీ మూత మిగిలింది. నువ్వు గివే జమ చేస్తున్నవంట గద, తీస్కో" అన్నాడు. మంచి మనసుతోనే తెచ్చాడు. మా అమ్మ జాడీ మీద పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది. ఇన్నేళ్లు నేను ఊరూరా తిరిగింది దానికోసమే.

కానీ అది పెద్దమ్మ గుంజుకున్న జాడీది. తీసి అన్న చేతిలో పెట్టాను. "మీ ఇంట్లనే ఉండనీ" అన్నాను.

అన్న వెళ్లాక ఉతికిన గుడ్డ తెచ్చి, నానమ్మ చూపించినట్టే, జాడీ మూతికి గట్టిగా ముడివేశాను.