అక్క చూసి పంపిన పెట్టె

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ఆమె మరో పని ముట్టుకునేది కాదు. ముందురోజు తయారైన పెట్టెల అట్టలు దొంతరలుగా పేర్చి ఉండేవి. ఒక్కో దొంతర నుంచి ఒక అట్ట లాగి, పెట్టెగా మడిచి, ఎదురుగా ఉన్న బేకరీ నుంచి తెచ్చిన వేడి బన్ను అందులో ఉంచి మూత వేసేది. కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేది. ప్రార్థన అయ్యాక మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. బన్ను వాసన తప్ప ఇంకేదీ రాకపోతే సరుకు లారీ ఎక్కేది. జిగురు పులుపో సిరా ఘాటో తగిలిందా, ఆ దొంతరలోని అట్టలన్నిటికీ మూత అంచున లోపలికి దోపే చెవి తుంచేసేది. చెవి తెగినవి తుక్కులోకి పోవాలి. ఆ కంపెనీలో అదే కట్టుబాటు.

మంచి బన్నులు లోడెత్తేవాళ్ళు టీతో తినేవారు. "దేవుడితో కాస్త తొందరగా మాట్లాడు వాసనక్కా, చల్లారిపోతున్నాయి" అని వేళాకోళం ఆడేవారు. ఆమె కళ్ళు తెరవకుండానే నవ్వేది.

వాసన చూడటం ఆమెకు కంపెనీతో వచ్చిన అలవాటు కాదు. తల్లి పోయేనాటికి తమ్ముడు పాలు తాగే పసివాడు. పాలు విరిగాయేమోనని ప్రతిపూటా గిన్నె ముక్కు దాకా ఎత్తి చూశాకే వాడికి పట్టేది. వాడు పెద్దవాడై, బేకరీకి పెట్టెలు చేసిస్తానని మాటిచ్చి వచ్చిన రోజున ఆమె వంటింటి బల్లే వాళ్ళకు ఫ్యాక్టరీ అయింది. ఆమె పిండితో జిగురు కాచేది, వాడు కత్తెరతో అట్ట కోసేవాడు. వంటిల్లు చాలక రేకుల షెడ్డు వేశారు. షెడ్డు చాలక పక్కనే యంత్రాల హాలు లేచింది.

కొత్త యంత్రం మీద తమ్ముడు మొదట అచ్చు వేయించింది ఆమె బొమ్మే. పెట్టె మీదికి వంగిన ముఖం, కింద 'అక్క చూసి పంపింది' అన్న మాట.

"నా ముక్కు మరీ ఇంత పెద్దదేమిట్రా?" అని ఆమె సిగ్గుపడింది.

"మనం బతికేది దాని మీదే కదక్కా" అన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున షెడ్డులోకి తొంగిచూసి వెళ్ళేవాడు. ఆమె చెవులు తుంచుతూ కనిపిస్తే, మంచి పని చేశావని భుజం తట్టేవాడు. నష్టమైనా తమ్ముడు మొహం ముడుచుకోడని ఆమె అందరికీ చెప్పుకునేది. వాడి కోసం చేసే ప్రార్థనలో ఆ మాట కూడా చేర్చుకుంది.

గేటు దగ్గర కొత్తగా కాపలాకు చేరిన ఆయన మంచి మనిషి. ఎండ తిరిగినప్పుడల్లా ఆమె కుర్చీని, అడగకుండానే, నీడలోకి జరిపేవాడు. ఒక మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న పెట్టె తెరిచి, ఒక బన్ను ఆమె ముందు పెట్టాడు.

"తినండక్కా. మా వీధి దుకాణంలోది. మూత మీద మీ బొమ్మ చూసే కొంటాం."

బొమ్మ ఆమెదే. మూతకు చెవి లేదు.

ఆమె చూపు అక్కడే ఆగిపోవడం చూసి ఆయన నవ్వాడు. తమ వైపు అన్నీ చెవి తెగిన పెట్టెలే వస్తాయనీ, అది కొత్త రకం అనుకున్నామనీ, చెవి ఉన్న పెట్టెను పిల్లలు ఎప్పుడూ చూడనే లేదనీ చెప్పాడు.

బన్ను సిరా వాసన కొడుతోంది. పెట్టిన చెయ్యి చిన్నబుచ్చుకుంటుందని ఆమె దాన్ని పూర్తిగా తిన్నది. నీళ్ళు తాగి, తిన్నగా తమ్ముడి గదిలోకి వెళ్ళింది.

వాడు దాచలేదు. దాచి ఉంటే కొంత నయంగా ఉండేదేమో. "చెవి తెగితే మూత పడదా అక్కా? చిన్న చిన్న దుకాణాలకే పంపాను. వాళ్ళెవరూ నీలా వాసన చూసుకుంటూ కూర్చోరులే."

"ఎప్పటి నుంచి?"

యంత్రాలు వచ్చినప్పటి నుంచేనన్నాడు.

అంటే భుజం తట్టిన పొద్దులన్నీ అంతే. ఆమె తుంచిన దొంతరలు వెనక తలుపు నుంచి లారీ ఎక్కుతూనే ఉన్నాయి, ఆమె ముఖాన్ని మోసుకుని. వాడు కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. తన వేళ్ళ చివరలు చూసుకుంది. అట్ట తుంచి తుంచి అవి కాయలు కాసి ఉన్నాయి.

"నీ పాలు విరిగితే పారబోశాను రా. పక్కింటి పిల్లకు పట్టలేదు" అంది.

తమ్ముడు తల వంచుకున్నాడు. ఏం కావాలో అడగమన్నాడు. పోనీ రేపటి నుంచి రావడం మానేసి విశ్రాంతి తీసుకోమన్నాడు, ఇంట్లో ఏ లోటూ రానివ్వనన్నాడు.

"అవేవీ వద్దు. ఎప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు. ఒక్కటే అడుగుతాను, కాదనకు" అంది ఆమె. "ఆ మూతల మీద నా బొమ్మ తీసేయించు, నాయనా."