పోను మూడు గంటలు, రాను ఎనిమిది

నిన్న విమానం టికెట్ కొంటుంటే వేళల పక్కన ‘స్థానిక సమయం’ అని కనిపించింది. ఆ సంగతి తెలియకే చిన్నప్పుడు నేనొక వాదన గెలిచాను.

సంతోష్‌నగర్‌లో మా పక్కింటి షబానా, నేను ఐదో తరగతి. వాళ్ల నాన్న జెద్దాలో పనిచేసేవాడు. రెండేళ్లకోసారి ఆయన తెచ్చే పండ్ల వాసన రబ్బర్లు, రంగు పెన్సిళ్లు చూస్తే నాకు కడుపు మండేది.

ఒకరోజు ఆమె ట్రావెల్స్‌వాళ్లు ఇచ్చిన విమానం వేళల కార్డు బడికి తెచ్చింది. “చూడు, మా అబ్బా ఈడ పదింటికి ఎక్కితే జెద్దాల ఒంటిగంటకు దిగుతడు. మూడు గంటలే! మీ బాపు కాకినాడ పోవాల్నంటే రాత్రంత రైల్లనే గద!”

నేను కార్డు లాక్కుని కింది వరుస చదివాను. “మరి వచ్చేటప్పుడు? రెండింటికి ఎక్కి రాత్రి పదింటికి దిగుతాడట. ఎనిమిది గంటలు! పోవడానికి తొందర, మీ దగ్గరికి రావడానికే బద్ధకం.”

“ఝూట్!” అంది షబానా. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది. కార్డు తీసుకుని సంచిలో పెట్టేసుకుంది.

సాయంత్రం ఈ లెక్క చెబితే నాన్న నవ్వారు. “జెద్దా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక తల్లీ. వెళ్ళినా వచ్చినా ఐదున్నర గంటలే.”

మర్నాడు షబానా నా దగ్గరికొచ్చింది. “మీ బాపుకు అన్నీ ఎర్కనే గద, అడిగినవా? మా అబ్బాకు నిజంగనే రాబుద్ధి గాదా?”

ఆమె చేతిలో కొత్త రబ్బరు స్ట్రాబెర్రీ వాసన వేస్తోంది.

“అడగలేదు” అన్నాను.

పెద్దయ్యాక మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో నిప్పులు చెరిగాను. అబద్ధమని తెలిసీ నేనే ఒక పిల్ల మనసులో ఉంచేసిన నమ్మకం గురించి మాత్రం ఇదే మొదటిసారి రాయడం.