కాజాల పిన్ని వేదన

వీధిలో అందరికీ ఆవిడ కాజాల పిన్నే. చొక్కాకైనా కోటుకైనా కాజా చేత్తోనే కుట్టేది. మిషన్ కాజా చూస్తే "కప్ప నోరు తెరిచినట్టుంది" అని మొహం తిప్పుకునేది.

ఒకరోజు ఆవిడ కుట్టు దుకాణం కిటికీ అద్దం పగిలి ఆవిడ కుడి మణికట్టు తెగింది. ఆపరేషన్ చేసి నరం కలిపారు. గాయం మానింది గానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చుకుందని బట్ట మీద రక్తం చూశాకే తెలిసేది.

"స్పర్శ రావచ్చు, రాకపోవచ్చు. రోజూ సాధన చెయ్యండి" అన్నాడు డాక్టరు. కొడుకు దుకాణం మూసేద్దామన్నాడు.

"చెయ్యి నాది. మూసేదీ తెరిచేదీ నేను చెప్తాను" అంది పిన్ని.

ఆవిడ అన్నయ్య పాలీ భాష మేష్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు దుకాణంలోనే కూర్చుని బౌద్ధ గ్రంథాలు చదువుకునేవాడు. ఒకనాడు ఆయన పైకి చదువుతుంటే "సుఖ వేదన" అన్న మాట ఆవిడ చెవిన పడింది.

"వేదనలో సుఖమేమిటన్నయ్యా? మీ బుద్ధుడికి తెలుగు రాదా?"

ఆయన నవ్వాడు. "మనమే ఆ మాటని బాధకి కట్టబెట్టేశాం. పాలీలో వేదనంటే తగిలింది తగిలినట్టు తెలియడం. హాయిగా ఉంటే సుఖవేదన, నొప్పైతే దుఃఖవేదన. రెండూ కాకపోయినా వేదనే."

పిన్ని తన వేళ్లకేసి చూసుకుంది. "అయితే వీటికి లేనిది అదేనన్నమాట. పుస్తకం పక్కన పెట్టు. ఆ గుడ్డముక్కలు ఇటు తే."

అప్పట్నుంచి రోజూ ఆవిడ కళ్లు మూసుకునేది. ఆయన వేళ్ల కింద ఒక్కో ముక్కా పెట్టేవాడు. పట్టు, నూలు, గోనె.

"ఏమిటిది?"

"తెలియట్లేదు. ఇంకోటి పెట్టు."

వారాల తరబడి అదే జవాబు. "ఈ పూటకి చాలదూ?" అని ఆయన విసుక్కుంటే, "పాఠం రాని పిల్లల్ని ఇంటికి పంపేసేవాడివా? కూర్చో" అనేది. ఆయన కూర్చునేవాడు.

వానలు వెనకపట్టాక ఒక సాయంత్రం గోనెముక్క తగలగానే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. చూపుడువేలి కొసన నిప్పు పెట్టినట్టు మంట.

"నొప్పా?" అన్నాడు ఆయన కంగారుగా.

"ప్రాణం పోతోంది. మళ్లీ పెట్టు" అంది, కళ్లనీళ్లు తుడుచుకోకుండానే.

తర్వాత బొటనవేలికీ తెలివొచ్చింది. మధ్యవేలు మాత్రం ఈనాటికీ మొద్దే. దానికి ఇత్తడి తొడుగు వేసి సూదిని నెట్టడానికి వాడుకుంటోంది. పని మునుపటంత చురుగ్గా సాగదు. "తొందరైతే ఇంకోచోటికి వెళ్లండి" అని మొహానే చెప్పేస్తుంది. కొందరు వెళ్లిపోతారు. ఆగినవాళ్ల కోట్లు కొక్కేలకు వేలాడుతుంటాయి. పిన్ని వెలుతురుకి దగ్గరగా కూర్చుని, ప్రతి కుట్టునూ చూపుడువేలితో తడిమి చూసుకుంటూ కుడుతుంది.