బోధన్ రోడ్డు మీద ఒక్క బండి

ఉదయం ఆరింటికి నిజామాబాద్ స్టేషన్‌లో దిగాము. అయిదుగురం. చలికాలం, చెరుకు నరికే రోజులు. మనిషికి రెండు కంబళ్ళు, ఒక రైఫిల్, ఒక ఎనామెల్ మగ్గు. అందరికీ కలిపి ఒక వైర్‌లెస్ సెట్టు. ఏడున్నరకు ట్రక్కు మమ్మల్ని బోధన్ రోడ్డు మీద ఒక వాగు దగ్గర దించింది. కంకర రోడ్డు, పొడుగునా చక్రాల గాడులు. గాలిలో పులిసిన చెరుకు వాసన.

చెరుకు తోటల్లో సైన్యానికేం పని అంటారేమో. మా బరువు ట్రక్కులు ఆ దారిన పోవాలి. తర్వాత రోడ్డు పాడైతే బాగుచేయడానికి ఎవరు ఎంత ఇవ్వాలన్నది పేచీ. అందుకే ముందుగా ఏ బండ్లు ఎన్ని తిరుగుతున్నాయో చూడమన్నారు. కెప్టెన్ గారు రిజిస్టరులో మూడు గళ్ళు గీయించారు. ఇనుప పట్టా బండ్లు, రబ్బరు టైరు బండ్లు, లారీలూ బస్సులూ.

"సన్నటి ఇనుప పట్టా కంకరను కోస్తుంది. లారీ అణగదొక్కుతుంది. రబ్బరు టైరు బండి అంత హాని చెయ్యదు. పది రోజులు రాయండి. దాన్నిబట్టే రోడ్డుకు డబ్బొస్తుంది. పట్టా బండ్లు ఎక్కువుంటే పక్కన వాటికి వేరే మట్టి బాట వేస్తారు. లేకపోతే ఈ చివర నుంచి ఆ చివరకు తారే" అన్నారాయన.

నాది జక్రాన్‌పల్లి. ఇక్కడి భాష వచ్చు కదా అని పెన్సిల్ నా చేతిలో పెట్టారు.

మర్నాటి నుంచి లెక్క మొదలైంది. మొదటి రోజు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చున్నాను. లారీలు పోయాయి. బస్సులు పోయాయి. రబ్బరు టైరు బండ్లు కొన్ని పోయాయి. పట్టా బండి ఒక్కటీ రాలేదు. రెండో రోజూ అంతే. చెరుకు రోజుల్లో పట్టా బండ్లు లేని బోధన్ రోడ్డును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మూడో రోజు రేషన్‌కు వెళ్ళొచ్చిన మా డ్రైవరు, చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు కిలోమీటరు పొడుగునా పట్టా బండ్లే నిలబడ్డాయని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. మా కళ్ళు కప్పి ఎటు పోతున్నట్టు? రాష్ట్రం సరిహద్దు అవతలికి దొంగ బియ్యం తోలుతున్నారని తీర్మానించుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం రైఫిల్ తీసుకుని చెరుకు తోటల వెనక నుంచి వాగు వెంట నడిచాను. అరమైలు పోయాక కనిపించాయి. ఇసుకలో వరసగా పట్టా బండ్లు. ఎడ్లు రొప్పుతున్నాయి. వాటి మెడల్లో గంటలు విప్పేశారు. ముందు బండిని ఆపి చెరుకు మోపులు లాగి చూశాను. అడుగున ఒక సద్ది మూట ఉంది. బియ్యం లేవు. సిగ్గుపడ్డాను.

ఆ బండి సాయిలుది. అరవై దాటిన రైతు.

"గీ ఇసుకల ఎందుకు సస్తున్నరు కాకా? రోడ్డున్నది గద."

"రోడ్డు మీద మీరున్నరు గద" అన్నాడు. "బండ్లు రాసుకుంటున్నరట. పట్టా చక్రానికి పన్నేస్తరట. రబ్బరు టైర్లు కొనే తాకత్ మాకున్నదా?"

"పన్ను కాదే కాకా. పక్కపొంటి మీకు మట్టి బాట ఎయ్యనీకె రాస్తున్న."

వెనక బండి మీది మనిషి నవ్వాడు. "రాసుకపోయినోళ్ళు ఎన్నడన్న బాటలేసిండ్రా?"

"నాది జక్రాన్‌పల్లి. నా జిమ్మెదారి" అన్నాను. సాయిలు మా బాపు పేరు అడిగాడు. చెప్పాను. నా బూట్లు చూశాడు, రైఫిల్ చూశాడు. "సూద్దాం తియ్యి" అన్నాడు.

మర్నాడు తొమ్మిదింటికి గంటల చప్పుడు వినిపించింది. సాయిలు ఒక్కడే రోడ్డెక్కి వచ్చాడు. నా ముందు బండి ఆపాడు.

"రాసుకో బిడ్డా."

గీత గీశాను. ఆయన రిజిస్టరు మీదికి వంగాడు. "గంతేనా? నా పేరు రాయలే గద?"

"రాయలే కాకా."

మిగతావాళ్ళు ఆయనకేమవుతుందో చూసి వస్తారనుకున్నాను. పదో రోజు దాకా ఎవరూ రాలేదు. వాగులో పోయేవి కూడా రాద్దామని మా హవల్దారును బతిమాలాను. ఆయనది చిత్తూరు వైపు, మంచి మనిషి. వైర్‌లెస్‌లో కెప్టెన్ గారిని అడిగించాడు.

"సార్, పట్టా బండ్లు వాగులో పోతున్నాయి. రాయాలా? ఓవర్."

"వాగులో పోయేవి రోడ్డునేం చేస్తాయి? రోడ్డు మీదివే రాయండి. ఓవర్."

"ఇన్నావు కదబ్బీ, ఇంక ఊరుకో" అన్నాడు హవల్దారు. ఊరుకున్నాను. నాలుగు గీతలు ఎక్కువ గీస్తే ఎవరూ అడిగేవారు కాదు. ఆ ధైర్యం నాకు లేకపోయింది. ఇనుప పట్టా బండ్ల గడిలో 'ఒకటి' అని రాసి సంతకం పెట్టాను. పదకొండో రోజు పొద్దున ట్రక్కెక్కి వెళ్ళిపోయాము.

రెండేళ్ళకు సెలవు దొరికింది. బోధన్‌లో చెల్లెలి ఇంటికని బస్సెక్కాను. మళ్ళీ అవే చలికాలపు రోజులు. ఈ చివర నుంచి ఆ చివరకు నున్నటి తారు. ఆ పక్కా ఈ పక్కా కాలువ. మట్టి బాట లేదు. వాగులోకి దిగే దారిని కొత్త కల్వర్టు గోడ మూసేసింది. పట్టా బండ్లన్నీ తారు మీదే పోతున్నాయి. కల్వర్టు ఎత్తు దగ్గర బస్సు ఆగింది.

ముందు ఒక చెరుకు బండి అడ్డంగా ఉంది. ఎద్దు పడిపోయింది. లేవబోయినప్పుడల్లా గిట్టల ఇనుప నాడాలు తారు మీద జారుతున్నాయి, మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. కాడి కింద భుజం పెట్టి మోస్తున్నది సాయిలు. ఒంటి మీద యూనిఫారంతోనే దిగి పరుగెత్తాను. ఇద్దరం కలిసి కాడి విప్పాము. ఆయన నన్ను గుర్తుపట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నేనైతే వచ్చి రాయించుకున్న గద బిడ్డా" అన్నాడు.

తర్వాత సరిహద్దుల్లో చాలా చూశాను, అవన్నీ మెల్లగా మరుగునపడ్డాయి. ఆ ఎద్దు మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. రెండు మోకాళ్ళూ నెత్తురోడుతూ, నల్లటి తారు మీద నాడాలు గీకిన తెల్లటి చారల నడుమ, లేవడానికి ఇంకా తంటాలు పడుతూనే ఉంటుంది.