ముందు ముద్ద

మా నాన్న పేరు చర్చి రికార్డులో మత్తయి. ఆ పేరుతో ఒక్కడూ పిలిచిన పాపాన పోలేదు. అందరికీ పుల్లయ్యే. ఆ పేరు వినగానే నవ్వేవాళ్లుంటారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పేరు వెనక నలుగురు పసిబిడ్డలున్నారు మరి.

మా నాయనమ్మ జ్ఞానమ్మకు నాన్న ఐదో కాన్పు. ముందు పుట్టిన నలుగురూ మగపిల్లలే. నలుగురూ పాల మీద ఉండగానే పోయారు. ఒక్కడూ అన్నం ముట్టేదాకా బతకలేదు. ఐదోవాడు పుట్టగానే ఊళ్లో ఒక ముసలమ్మ చెప్పిందట, "వీణ్ణి ముద్దు చేశావంటే వీడూ దక్కడు, పుల్లాకుల మీద పడెయ్యి" అని. భోజనాలయ్యాక పారేసే ఎంగిలి విస్తళ్లను పుల్లాకులంటారు. ఎవరింట్లోనో పెళ్లి జరిగితే, ఆ విస్తళ్ల కుప్ప మీద పసిగుడ్డును పడుకోబెట్టారు. పక్కింటావిడ చేత ఎత్తించి, చెత్తలో దొరికినవాడని చెప్పి ఇంటికి తెచ్చుకున్నారు. చావు ఎంగిలి ముట్టదని వాళ్ల నమ్మకం. తర్వాత ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి బాప్తిస్మం ఇప్పించారు. మనవాళ్లు దేవుడికో దండం, దయ్యానికో దండం పెట్టే రకం.

అక్కడితో ఆగితే బాగుండేది. నాయనమ్మ ఆగలేదు. కంచంలో అన్నం పెట్టి, కూర కలిపి, ముందు ముద్ద తను తినేది. "ఊఁ, ఎంగిలైంది. ఇంక తిను" అనేది. పసివాడప్పుడు సరే. నాన్న ఎదిగి, రేపల్లె దగ్గర కాలవ లాకులు తిప్పే లస్కరుగా చేరాక కూడా అదే తంతు. క్యారేజీ మూత తీస్తే అన్నం ఒక మూల తవ్వి ఉండేదట. "ఏరా పుల్లయ్యా, దారిలో ఎలకలు పడ్డాయా?" అని తోటి లస్కర్లు ఏడిపించేవాళ్లు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే నాయనమ్మ గబుక్కున ఆయన నోరు మూసేదట, "గట్టిగా అనకు, వినబడుద్ది" అని. ఎవరికి వినబడుతుందో ఎన్నడూ చెప్పలేదు. మినుము పీకే రోజులని మాత్రం ఒకసారి నోరు జారింది.

ఆవిడ కడుపు వాచి మంచాన పడింది. పోయేముందు కొత్త కోడలైన మా అమ్మ దేవకుమారిని దగ్గరికి పిలిచి, బైబిలు మీద చెయ్యి వేయించుకుంది. ఇంక వాడికి ముందు ముద్ద నువ్వు తినాలి అని మాట తీసుకుంది. బైబిలు మీద ఎంగిలి ప్రమాణం చేయించిన అత్తగారు భూప్రపంచంలో మా నాయనమ్మ ఒక్కతే అయ్యుంటుంది. అమ్మ మొదట్లో నవ్వుకునేది. తర్వాత నవ్వడం పోయి, అలవాటు మిగిలింది.

నా చిన్నప్పుడు ఆ ఇంట్లో భోజనమంటే నాకు భయం. అమ్మ ముద్ద తినగానే నాన్న నాలుగు మెతుకులు తీసి కంచం అంచున పెట్టేవాడు. ఎందుకని అడిగితే "మీ పెదనాన్నలకే" అనేది అమ్మ మామూలుగా. పాలు తాగే పెదనాన్నలు! ఆ ఐదారు నెలల పిల్లలు నలుగురూ గోడవార కూర్చుని మా కంచాల్లోకే చూస్తున్నట్టుండేది. అన్నం ఎలా ఉంటుందో తెలియని చూపులు. నేను గోడ వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని కాదు. పెద్దయ్యాక, సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో, ఒకనాడు పోట్లాటకు దిగాను. ఈ మూఢనమ్మకాలేంటి, మనం ప్రార్థన చేసుకునేవాళ్లమేనా అని అరిచాను. నాన్న విన్నాడు. విని, నాలుగు మెతుకులు పక్కన పెట్టి తిన్నాడు.

తొంభై మూడులో అమ్మ పోయింది. కడుపులో పుండు. సమాధి మీద అందరూ మట్టి వేస్తుంటే నాన్న ఒక్క మాటన్నాడు, "నాది అది తినేసింది" అని. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నారు జనం. నాకు మాత్రం అర్థమైంది. తన తల్లీ కడుపు జబ్బుతోనే పోయింది, పెళ్లామూ కడుపు జబ్బుతోనే పోయింది. తన కంచంలోకి రావాల్సిన చావు ముందు ముద్దలో వాళ్ల నోట్లోకి పోయిందని ఆయన లెక్క.

అమ్మ పోయాక ఒంటరిగా ఏం తిని బతికాడో నాన్న చెప్పలేదు. రిటైరయ్యాక ఆయన్ని తెనాలి తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. నేను బాపట్లలో టీచర్ని. రోజూ ప్యాసింజర్లో వెళ్లొస్తాను. మా ఆయన మోషే కోఆపరేటివ్ స్టోర్సులో గుమాస్తా. నెమ్మదస్తుడు, నా నోటికి తట్టుకోవాలంటే అలాంటివాడే కావాలి. వచ్చిన రోజే నాన్నకు అన్నం పెట్టి, పోనీలే పాపమని, మనసు చంపుకుని ముందు ముద్ద తీయబోయాను. ఆయన రెండు చేతులూ కంచం మీద కప్పేశాడు.

"నువ్వు ముట్టుకోవద్దు. మీ అమ్మ చాలు."

"అయితే నువ్వే తిను."

తిననంటే తిట్టేదాన్ని. ఆయన తినబోయాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, కళ్లమ్మట నీళ్లొచ్చాయి, దిగలేదు. పెరట్లోకి వెళ్లి ఉమ్మేశాడు. రోజూ అంతే. డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏమీ లేదమ్మా అన్నాడు. నన్ను పక్కకు పిలిచి, ఇలాగే ఉంటే వేసవి దాటడు అన్నాడు. దిగేది పాలొక్కటే. అరవై ఏళ్ల మనిషి వాళ్ల అన్నల్లాగే పాల మీద బతకడం మొదలుపెట్టాడు. ఎముకలు బయటపడ్డాయి. సాయంత్రం బడి నుంచి వస్తే, అరుగు మీద గోడకానుకుని కూర్చుని లోపలికి, కంచాల వైపు చూస్తుండేవాడు. ఆ చూపు నేను ఎరుగుదును. నిజం చెప్పొద్దూ, కన్నతండ్రిని చూసి భయమేసేది.

అప్పుడు నాకు ఐదో నెల. అంతకుముందు ఒకరు కడుపులోనే పోయారు, ఒకడు పుట్టి వారం తిరక్కుండానే పోయాడు. మూడోసారి అని చెబితే నాన్న సంతోషించలేదు. లేచి వీధిలోకి వెళ్లిపోయాడు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. సరే, నేనూ ఆయన కూతుర్నే. కొత్తగా తెరిచిన రసమయి హోటల్లో అష్టరుచుల విందని పెట్టారు. మేడ మీద ఏసీ గది, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు. ఒక్కసారిగా వడ్డించరు. ఎనిమిది రకాలు, ఒకటి తిన్నాక ఒకటి, కొంచెం కొంచెం తెచ్చి రుచి చూపిస్తారు. నాకు ఠక్కున తట్టింది. వంటవాడన్నాక ఉప్పూకారం చూడకుండా పంపడు కదా! అంటే ప్రతి గిన్నే ముందే ఎంగిలి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఎంగిలి. ఆ వంకన నాన్న గొంతు తెరుచుకుంటుందేమోనని ఆశ. తొంభై ఐదు ఫిబ్రవరి, మినుము పీకే రోజులే. ఒక ఆదివారం నేనే ఆయనకు పుట్టినరోజు ఖాయం చేసేశాను.

చర్చి నుంచి నేరుగా హోటలుకే వెళ్లాం. ఇవాళ నీ పుట్టినరోజు నాన్నా అంటే ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. "నెమ్మదిగా" అన్నాడు.

మొదట చిన్న కప్పుల్లో టమాటా సూపు వచ్చింది. "ఇది భోజనమా, దగ్గు మందా?" అన్నాడు మోషే. నాన్న చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నేను వంగి చెప్పాను.

"తాగు నాన్నా. లోపల వంటాయన రుచి చూసే పంపాడు. ఎంగిలే."

నాన్న మొహం పాలిపోయింది. "ఎవరాయన? పెళ్లాం పిల్లలున్నారా?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన అప్పుడే కుర్చీ వెనక్కి జరిపి, వడ్డించే అబ్బాయితో వంటాయన్ని ఒక్కసారి పిలవమని బతిమాలుతున్నాడు. సూపులో ఏదో పడిందనుకున్నాడేమో, అబ్బాయి పరిగెత్తాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నలభై ఏళ్ల మనిషి వచ్చాడు. పేరు చాంద్ బాషా.

"ఏంటండి పెద్దాయనా, ఉప్పు తక్కువైందా?"

"నువ్వు రుచి చూశావా బాబూ?"

చాంద్ బాషా నొచ్చుకున్నాడు. "రోజాలో ఉన్నానండి. రంజాన్ నెల కదా, పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. వాసన చూసుకుని, చేతి అంచనాతో వండుతున్నా. తేడా వస్తే చెప్పండి, మారుస్తా."

"వద్దు వద్దు. చల్లగా ఉండు" అన్నాడు నాన్న. వంటాయన వెళ్లిపోయాడు. నేను తల పట్టుకున్నాను. ఊళ్లో ఇన్ని హోటళ్లుండగా, ఇన్ని నెలలుండగా, ఏ నోరూ తాకని వంట ముందుకు తెచ్చి మరీ కూర్చోబెట్టాను ఆయన్ని.

నాన్న కప్పు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల వైపు చూశాడు. గదిలో చల్లగా ఉందో, నాకే అలా అనిపించిందో, చేతుల మీద రోమాలు లేచాయి. అంతలో ఆయన నా ముందున్న కప్పు తన వైపు లాక్కున్నాడు. తనది కాదు, నాది. చెంచాతో ఒక గుక్క తీసి నోట్లో పోసుకున్నాడు. గొంతు కదిలింది. దిగింది.

నేను సంతోషంతో మోషే చెయ్యి గిల్లేశాను. నాన్న కప్పును తిరిగి నా ముందుకు తోశాడు.

"ఊఁ, ఎంగిలైంది. తాగమ్మా."

ఆయన చూపు నా మొహం మీద లేదు, కడుపు మీద ఉంది. అప్పటికి వెలిగింది నాకు.

"నాన్నా! నీ ఎంగిలి నేను తిననంతే."

"నా కోసం ఇద్దరు తిన్నారు. నేనెవరికీ తినలేదు" అన్నాడు. ఆయన గొంతులో అంత బలం నేను ఎప్పుడూ వినలేదు. "ఆ నలుగురికీ ఎవరూ తినలేదు. నువ్వు తింటానంటే నేనూ తింటా. లేదంటే లేదు."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఇదేం బేరమని గొణిగాను. తినకపోతే ఈయన వేసవి దాటడు. తింటే ఆయన లెక్క ఒప్పుకున్నట్టే. మోషే వైపు చూశాను, ఏదైనా అంటాడేమోనని. ఆయన తల దించుకుని బల్ల మీది గుడ్డ మడతలు సరిచేస్తున్నాడు. నేను సూపు తాగాను.

తర్వాత రొయ్యల వేపుడు. తర్వాత కోడికూరలో ముంచిన చిన్న గారె. తర్వాత చేప, గరిటెడు బిర్యానీ, ఇంకేవేవో. ప్రతిదీ నా పళ్లెంలోంచి ముందు నాన్న తిన్నాడు, తర్వాత నేను తిన్నాను, తర్వాత ఆయన తన పళ్లెం ఖాళీ చేశాడు. గారె కొరికి కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ముందు ముద్ద ఇలా ఉంటదన్నమాట" అన్నాడు. అరవై ఏళ్లలో ముందు ముద్ద మింగడం ఆ రోజే మొదలు. నాకు ఏ రుచీ తెలియలేదు. నలుగురు పిల్లలు బల్ల అంచు పట్టుకుని ఆయన నోట్లోకి చూస్తున్నట్టే ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే పద్ధతి. నా కంచంలో ముందు ముద్ద ఆయనది. మనిషికి కండ పట్టింది. డాక్టరు ఏం మందు వాడారమ్మా అని అడిగాడు. వేసవి దాటింది. జూన్‌లో బాబు పుట్టాడు, నిక్షేపంలాంటి బాబు. నాన్న వాణ్ణి ఒళ్లో పెట్టుకుని, నీకు అన్నం నేనే ముట్టిస్తా, ముందు నేను తిని నీకు పెడతా అని రోజూ కబుర్లు చెప్పేవాడు.

డిసెంబరులో అన్నం ముట్టించాలనుకున్నాం. వారం ముందు, మధ్యాహ్నం తిని పడుకున్న నాన్న లేవలేదు. గుండె అన్నారు. వయసు అన్నారు. అడిగినవాళ్లకు నేనూ అదే చెప్పాను. కడుపులో ఏమైనా ఉందా అని డాక్టర్ని అడగబోయి మానేశాను. లేదంటే నేను నమ్మను, ఉందంటే ఎలా బతకను?

అన్నం ముట్టించడం వాయిదా వెయ్యమన్నారు బంధువులు. నేను వినలేదు. పాలు తాగే బిడ్డను ఇంట్లో చూస్తుంటే నాకు పిచ్చెక్కుతోంది. ఆ గీత ఎప్పుడు దాటిస్తానా అని ఉంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి ఆమెన్ అన్నారు. బాబు మోషే ఒళ్లో ఉన్నాడు. వెండి గిన్నెలో పరమాన్నం నా చేతిలో ఉంది. అందరూ చూస్తున్నారు. నేను చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మనిదాన్ని. నా వేళ్లు పరమాన్నం తీసి నా నోటి వైపే వెళ్లాయి.

మోషే నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు కాదు. వాడికి తల్లి ఉండాలి" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా. నా చేతిని తన నోటి దగ్గరికి లాక్కుని ఆ పరమాన్నం తినేశాడు. నవ్వలేదు, నా వైపు చూడలేదు.

వద్దనాలి. నా కళ్లెదుటే మింగాడు. వద్దనలేదు నేను. ఇంకొంచెం తీసి బాబు నోట్లో పెట్టాను.