ఎరుపో ఆకుపచ్చో తెలియని దర్జీ

మా బావ దర్జీ. ఆయన కొట్టులోనే నేనూ మిషను కుడతాను. అక్క మొగుడని వెనకేసుకురావడం కాదు గానీ, కత్తెర పట్టాడంటే చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆయనకు సాటి లేడు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టేసరికే ఏ భుజం కిందికి వాలిందో పసిగట్టేస్తాడు. కానీ ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒక్కలాగే కనిపిస్తాయి.

దాచుకుంటాడా? అబ్బే! బట్ట ఇవ్వడానికొచ్చిన ప్రతివాళ్ళకీ ముందే చెప్పేస్తాడు. ఫుట్‌బాల్ కోచ్ రెండు జట్లకు చొక్కాలు కుట్టించడానికి వచ్చినప్పుడూ అంతే. ఒక జట్టుకు ఎర్ర చొక్కా, ఆకుపచ్చ కాలరు. రెండోదానికి ఆకుపచ్చ చొక్కా, ఎర్ర కాలరు.

"సార్, కోత నాది, దానికి ఢోకా లేదు. ఈ రెండు రంగులు మాత్రం నాకు తెలీవు. మా మరదలు చూసుకుంటుంది. సరేనంటేనే ఇవ్వండి," అన్నాడు.

కోచ్ నన్ను ఎగాదిగా చూసి, చివరికి సరేనన్నాడు. అటు వెళ్ళాడో లేదో నేను అందుకున్నాను.

"అడక్కుండానే చాటింపు వేసుకోవాలా బావా? చెప్పకపోతే కొంపలేమన్నా మునిగేవా?"

"మునిగాక చెప్పేకంటే నయం కదే," అని నవ్వేశాడు.

కత్తిరించిన ముక్కలకు రంగు పేరు రాసి చీటీ గుచ్చడం నా పని. నాకు కళ్ళున్నాయి కదా, చీటీలెందుకులే అని చివరి మూడు చొక్కాలకు మానేశాను. తీరా ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే పంటినొప్పితో ఆసుపత్రికి పరిగెత్తాను. అక్క ఊళ్ళో లేదు. సాయంత్రం ఆట. ఆ మూడింటికీ కాలర్లు వెయ్యడం ఇంకా మిగిలే ఉంది. ఒక్క కాలరు తారుమారైనా బావ ఇన్నేళ్ళ పేరు గంగలో కలిసినట్టే.

తిరిగొచ్చేసరికి కొట్టు ముందు జనం. బావ ముక్కలు చేత పట్టుకుని దారినపోయేవాళ్ళను ఆపుతున్నాడు. "అమ్మా, ఇది ఎరుపా, ఆకుపచ్చా?" ఒకామె కిసుక్కున నవ్వింది. ఒకడు కావాలనే తప్పు చెప్పాడు. బావ మరో ఇద్దరిని అడిగి ఖాయం చేసుకుని, సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ మనిషిని చూసి గర్వమనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్ళు మండింది.

అప్పుడే కోచ్ దిగాడు. "ఏంటండీ ఇది? రంగులు ఆవిడ చూసుకుంటారన్నారుగా?"

"తనకి పొద్దుట్నుంచి ఒంట్లో బాలేదు సార్," అన్నాడు బావ.

నోరు మూసుకుంటే సరిపోయేది. వాచిన బుగ్గ సాక్ష్యం ఉండనే ఉంది. కానీ మనసొప్పలేదు.

"అది కాదండీ. చీటీలు గుచ్చకుండా వదిలేసింది నేనే. నాకు తొందరెక్కువ. అన్నీ గుర్తుంటాయనుకున్నా."

అందరి తప్పులూ ఎంచే నోటితో నా తప్పు నేను చెప్పడం అదే మొదటిసారి. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. కోచ్ గడియారం చూసుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

బావ నా మిషను దగ్గరికి స్టూలు జరిపాడు. "కాలర్లు నువ్వే వెయ్యి. ఇన్నాళ్ళూ నీ పని మళ్ళీ ఒకసారి చూసుకునేవాణ్ణి. ఇవాళ చూడను."

కళ్ళలో నీళ్ళు. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది.