గంగారాంల పేర్లు తిరిగొచ్చిన రోజు

చెరకు రసం బండి దగ్గర తడి పిప్పి వాసన తగిలితే చాలు, బోధన్‌లో శకుంతల మేడం నడిపిన కంప్యూటర్ సెంటర్ గుర్తొస్తుంది. ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ అది. రెండువేల తొలి ఏళ్లలో, డిగ్రీ కాగానే అక్కడ పనికి చేరాను. నాకు తెలిసింది కొంచెం, తెలుసన్న పొగరు మాత్రం బోలెడు.

చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరకు రైతుల కోత చిట్టీలు మేమే ముద్రించేవాళ్లం. చిట్టీ అందాకే రైతు చెరకు కొట్టాలి. ఒక్కో రైతుకు ఒక్కో ఫైలు. మా దిక్కు పది మందిలో ఇద్దరు గంగారాంలు, ఒక గంగారెడ్డి ఉంటారు కాబట్టి ఫైలు పేరులోనే ఊరు కూడా చేర్చేవాళ్లం. చిట్టీ మీద పేరు, ఊరు ఆ ఫైలు పేరు నుంచే పడేవి కాబట్టి లోపల విడిగా రాయలేదు. వైరస్‌ల బాధ పడలేక, మేడాన్ని ఒప్పించి ఒక మిషన్‌లో విండోస్ బదులు లినక్స్ వేశాను. విండోస్ డిస్కును దానికి తగిలించి, రైతుల ఫైళ్లు తెరిచాను. ప్రతి పేరూ ఆరు ఇంగ్లిష్ అక్షరాలకే తెగి, చివర ఒక అంకె మిగిలింది. ఊళ్లు మాయం. గంగారాంలు, గంగారెడ్లు ఏకమైపోయారు.

గుమ్మంలో నవీపేట్ గంగారాం నిలబడి ఉన్నాడు. "బిడ్డా, చెరుకు ఎండుతున్నది. ఇయ్యాలనే చిట్టి గావాలె."

భయంతో నేను ఊహించి పేర్లు మార్చబోయాను. మేడం నా చేయి పట్టుకున్నారు.

"ఆగు. ఒకరి చిట్టి ఇంకొకరికి పోతే పంట ఆగమైతది. గా డిస్కు మళ్ల పాత మిషన్ల పెట్టి చూడు."

పెట్టాను. అక్కడ పేర్లన్నీ నిండుగా ఉన్నాయి.

"పేర్లు ఏడికీ పోలే. నీ లినక్స్‌కు నువ్వేం చెప్పినవో అది చదువు."

డిస్కులు తగిలించే వివరాలున్న ఫైలు తెరిచాను. డిస్కు రకం దగ్గర 'ఎంఎస్‌డాస్' అని రాసింది నేనే. అలా రాస్తే పొట్టి పేర్లే కనిపిస్తాయి. దాన్ని 'వీఫ్యాట్' అని మార్చి, డిస్కును విడదీసి మళ్లీ తగిలించాను. గంగారాం నవీపేట్, గంగారాం ఇందల్వాయి, ఆ వెనకే గంగారెడ్లు, ఎవరి ఊరితో వాళ్లు బారులు తీరారు. సిగ్గు లేకుండా లేచి చప్పట్లు కొట్టాను. మధ్యాహ్నానికల్లా చిట్టీలన్నీ పూర్తి చేశాం. మొదటిది అందుకున్న గంగారాం పేరూ ఊరూ కూడబలుక్కుని చదివి, "గిది నేనే" అన్నాడు.

ఇవాళ నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరైనా డేటా పోయిందని పరుగెత్తుకొస్తే ముందు వాళ్ల చేతులు కీబోర్డు మీంచి తీయిస్తాను. తప్పు దొరికాక మేడాన్నే తలుచుకుంటాను. ఆ రోజు తప్పు నాదని ఆమె ఎవరికీ చెప్పలేదు. సరిచేసింది నేనేనని మాత్రం వీధంతా చెప్పారు.